కథ అడగని గది

తమ్ముడికి అక్క దీవిస్తూ రాస్తున్నది.

ఇక్కడ అందరం కులాసా. అమ్మ కులాసా, మీ బావ కులాసా. నేనైతే ఎవరి మీదా అరవకుండా ఒక పూట గడిస్తే అదే కులాసా అనుకునే స్థితికొచ్చాను. నీ ఉత్తరం అంది పది రోజులైంది. జవాబు ఎందుకు ఆలస్యమైందో చెబుతాను గానీ, ముందు నువ్వడిగినవి చెప్పనీ.

అమ్మ మోకాలు అలాగే ఉంది. మెట్లు ఎక్కొద్దని డాక్టరు చెబితే, ఎక్కను, దిగుతానంతే అంది. ఎక్కకుండా ఎలా దిగుతావమ్మా అంటే, నీకన్నీ వంకరగానే కనిపిస్తాయి అని నన్నే తిట్టింది. ఆ తర్వాత డాబా మీదికెళ్ళి బట్టలారేసి వచ్చింది.

సూది మానడానికి డాక్టరమ్మ ఇచ్చిన, నాలుక కింద పెట్టుకునే మాత్ర ఆపేయనా అని అడిగావు, అదీ మత్తే కదా అని మీ వడ్రంగి మేస్త్రీ అన్నాడని. మీ మేస్త్రీ బీపీ మాత్ర వేసుకుంటాడా? వేసుకుంటే ముందు ఆయన్ని ఆపమను, అప్పుడు మాట్లాడదాం. ఆయన చెక్క సంగతి చెబితే విను, మందు సంగతి డాక్టరమ్మని అడుగు. ఆవిడ చెప్పకుండా దాని జోలికి పోయావంటే బస్సెక్కి వచ్చి మరీ తంతాను.

మన గదిలో కుర్చీలన్నీ నువ్వు చెప్పినట్టే తలుపు వైపు తిప్పి వేశాం. వెనకనుంచి ఎవరొస్తారో తెలియకపోతే కూర్చోలేనన్నావు గుర్తుందా? వచ్చేవాళ్ళలో సగం మందిది అదే బాధట. తిప్పాక ఒకావిడ మొదటిసారి టీ పూర్తిగా తాగి వెళ్ళింది. అంతకుముందు సగం గ్లాసు వదిలేసి లేచిపోయేది.

ఇక గది గురించి. పాత దాత చేతులెత్తేశాడని కిందటిసారే రాశాను. నెలాఖరుకి అద్దె గడువు కూడా అయిపోతుంది. కొత్తగా డబ్బిస్తామన్న కమిటీ నుంచి ముగ్గురు చూడ్డానికొచ్చారు. వాళ్ళ పెద్దమనిషి కుర్చీని రుమాలుతో తుడిచి, అంచున కూర్చున్నాడు.

"ఇక్కడ ఏం చేస్తారు?" అన్నాడు.

"మత్తు ఎక్కించుకునేవాళ్ళకి శుభ్రమైన సూదులిస్తాం, వాడినవి తీసుకుంటాం. పుండ్లకి కట్టు కడతాం. మత్తెక్కువై ఎవరికైనా ఊపిరి ఆగిపోతుంటే ముక్కులో కొట్టే మందుంది. మానేస్తానన్నవాళ్ళకి డాక్టరమ్మ దాకా తోడు వెళ్తాం. ఏమీ అననివాళ్ళకి టీ ఇస్తాం" అన్నాను.

"సూదులు మీరే ఇచ్చి మీరే ప్రోత్సహిస్తున్నారన్నమాట."

"గొడుగులమ్మేవాడు వాన కురిపిస్తాడా అండీ?"

బావ నా వైపు చూసి కళ్ళు మూసుకున్నాడు. డబ్బు అడగడానికి పిలిచి దెబ్బలాడే మనిషివి నువ్వొక్కదానివే అని తర్వాత రెండు రోజులు సాధించాడనుకో.

ఎంతమంది పూర్తిగా మానేశారు అని తర్వాతి ప్రశ్న. మనం గడియారం అని పిలిచేవాడు అక్కడే ఉన్నాడు. వాడు తెలుసు కదా, అయిదు నిమిషాలకోసారి టైమెంత అని అడుగుతాడు. ఈ ఏడాది వాణ్ణి రెండుసార్లు ఆ ముక్కు మందుతోనే బతికించుకున్నాం. ఇప్పుడు వారానికి రెండు రోజులు గదికొచ్చి మొక్కలకి నీళ్ళు పోస్తాడు. మానేశాడా అంటే మానలేదు. చచ్చిపోయాడా అంటే చచ్చిపోలేదు. వాళ్ళ ఫారంలో మానేసినవాళ్ళకి గడి ఉంది గానీ, చచ్చిపోకుండా ఉన్నవాళ్ళకి గడి లేదు. ఇదే మాట పెద్దమనిషికి చెబితే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. ఇంతలో గడియారం వెళ్ళి టైమెంతండీ అని అడిగాడు. ఆయన చప్పున చేత్తో వాచీ కప్పేసుకున్నాడు.

ఫారం నింపేసరికి తలప్రాణం తోకకొచ్చింది. పదిహేడు పేజీలు. అన్నీ నింపాను. ఆఖరి పేజీలో ఉంది అసలు తద్దినం. 'లబ్ధిదారుడు తన మాటల్లో చెప్పిన జీవితగాథ, రెండు పేజీలకు తగ్గరాదు, ఇది లేని దరఖాస్తు పరిశీలించబడదు.' తగ్గరాదట. మనిషి గుండె కోసి తూకం వేసి అమ్మాలన్నమాట.

మన గోడ మీద పెద్ద అక్షరాలతో రాసుకున్నది నీకు తెలుసు. ఇక్కడ ఎవరినీ కథ అడగరు, చెప్పింది గది దాటదు. పోలీసు అడిగాడు, ఆసుపత్రి అడిగింది, కన్నవాళ్ళు అడిగారు, అడిగినప్పుడల్లా ఆ పాత దెబ్బే మళ్ళీ తగులుతుందని తెలిసే ఆ నియమం పెట్టాం. కొత్తగా పనికొచ్చే ప్రతివాడికీ మొదటి రోజు ఈ పాఠం చెప్పేది నేనే.

ఇంత దూరం తిప్పి తిప్పి రాశాను. ఇంక రాసేస్తాను.

నీ కథ రాశాను. దరఖాస్తుకి అదే ఆఖరి రోజు. వంటింటి బల్ల దగ్గర కూర్చుని, ఎవరినీ అడగడానికి నోరు రాక, నీది రాసేశాను. పదకొండేళ్ళప్పుడు హాస్టలు వార్డెను నీకు చేసింది కూడా రాశాను. నువ్వది ఈ లోకంలో నాకొక్కదానికే చెప్పావు. పేరు రాయలేదుగా, పరవాలేదులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది, 'ఈ గది నడిపేది మా అక్కే' అని చివర్లో నా చేత్తో నేనే రాశాను.

మూడోరోజు పెద్దమనిషి ఫోను చేశాడు. "చాలా హృదయాన్ని కదిలించిందమ్మా. మీటింగుకి మీ తమ్ముణ్ణి తీసుకురండి. అయిదు నిమిషాలు మాట్లాడితే చాలు, డబ్బు వచ్చేసినట్టే" అన్నాడు. నిన్ను స్టేజీ ఎక్కించి, మైకిచ్చి, ఆ మాటలు చెప్పించి, వాళ్ళు చప్పట్లు కొడతారు. దానికి దారి వేసింది నేను.

మర్నాడే వెళ్ళి ఆ పేజీలు వెనక్కి ఇమ్మన్నాను. అప్పటికే పెద్దమనిషితో కలిపి అయిదుగురు సభ్యులకి కాపీలు పంపేశారట. అయిదిళ్ళకీ తిరిగాను. నలుగురు సణుగుతూ ఇచ్చారు. అయిదో ఆయన, "మా ఆవిడ చదివి ఒకటే ఏడుపమ్మా" అని ఏదో బహుమతి ఇస్తున్నట్టు చెప్పాడు. ఆవిణ్ణి ఎవరు చదవమన్నారు? ఎవరు ఏడవమన్నారు? కాపీ లాక్కుని వచ్చేశాను. కాగితాలన్నీ కాల్చేశాను. కానీ చదివినవాళ్ళ బుర్రల్లోంచి తుడవలేను కదరా. నువ్వు ఎవరికీ చెప్పొద్దన్నది ఇప్పుడు నేను కాక ఆరుగురికి తెలుసు. తప్పు నాది. డబ్బుకి నెపం పెట్టను, ఫారానికి నెపం పెట్టను. నిన్ను అడగకుండా నీది తీసి వాళ్ళ ముందు పెట్టాను.

ఆ పేజీ లేకపోతే దరఖాస్తు చెల్లదన్నారు, మీటింగులోపు వేరేది ఇస్తే తీసుకుంటామన్నారు. అందుకని దాని బదులు వేరేది రాశాను. ఈసారి నా కథ. మానాలంటే మనసుంటే చాలని నమ్మిన ఒక అక్క, తమ్ముణ్ణి ఇంటి వెనక గదిలో పెట్టి తొమ్మిది రోజులు తాళం వేసింది. కిటికీ లోంచి అన్నం పెట్టింది. చిన్నప్పుడు హాస్టల్లో ఏ తలుపు వెనక ఏం జరిగిందో అప్పటికి ఆ అక్కకి తెలియదు, తెలుసుకోవాలని కూడా అనుకోలేదు. తాళం తీసిన మూడో రోజున వాడు, ఒంటికి అలవాటు తప్పిందని తెలియక, పాత లెక్కలోనే సూది ఎక్కించుకుని బస్టాండు మరుగుదొడ్లో నీలంగా దొరికాడు. ఊడ్చే ఆవిడ చూడబట్టి బతికాడు. ఆ తర్వాతే ఆ అక్క ఈ గది తెరిచింది. ఈ గది వల్ల ముందు బాగుపడింది ఎవరంటే నేనే అని రాశాను. లబ్ధిదారులంటే మీరు కాదమ్మా అంటారేమో, అననీ.

కానీ అందులోనూ నువ్వున్నావు. అందుకే ఇంకా ఇవ్వలేదు, కాపీ ఈ కవర్లో పెట్టాను. తప్పుంటే కొట్టెయ్. మీటింగు ఇరవయ్యో తారీకు. ఫోన్లో ఎందుకు అడగలేదంటే, నా గొంతు వింటే నువ్వు మొహమాటానికి సరేననేస్తావు.

ఇవ్వమంటే ఇస్తాను. వద్దంటే చింపేస్తాను. గది పోతే ఏడుస్తాను, అబద్ధమెందుకు, కానీ నిన్నొక్క మాట అనను. వీధి చివర బల్ల వేసుకుని అయినా సూదులిస్తాను. జవాబే రాయకపోతే వద్దన్నావనే అనుకుంటాను. ఎందుకంటావా, ఆ తొమ్మిది రోజుల్లో ఆరో రోజున నువ్వు తలుపు బాదడం మానేశావు. హమ్మయ్య, వాడికి నయమైంది అని నేను అమ్మకి నవ్వుతూ చెప్పాను.

ఇట్లు,
ఈసారి నిన్ను అడుగుతున్న
మీ అక్క