బుజ్జిదాని గొంతు

వదినా,

కోపమొచ్చినా చివరిదాకా చదువు. తడబడే పిల్లలకు మాట నేర్పేటప్పుడు నేను వాళ్ల గొంతు రికార్డు చేస్తాను కదా. పోయిన నెల ఒక కంపెనీ కంప్యూటరుకు పిల్లల మాట నేర్పాలని ఆ రికార్డులు అడిగింది. మిగతా తల్లిదండ్రులందరి చేతా సంతకాలు చేయించాను. మన బుజ్జిదాని కాగితం మీద మాత్రం, మేనత్తనేగా అని, నేనే పెట్టేశాను.

నిన్న అది నా బల్ల మీద ఆ కాగితం చదివింది. "అత్తా, నేను ఏడ్చింది కూడా ఇచ్చేశావా?" అంది. ఒక్క మాట తడబడలేదు వదినా. సంతోషించాలో సిగ్గుపడాలో తెలియలేదు.

వెంటనే కంపెనీకి ఫోన్ చేసి తప్పు ఒప్పుకున్నాను. అమ్మో నాన్నో ఒప్పుకోకుండా పిల్లల గొంతు వాడితే చట్టం ఊరుకోదట. దాని గొంతు కంప్యూటరుకు ఇంకా వినిపించలేదని, చెరిపేశామని రాసిచ్చారు. వాళ్లు రాసిచ్చింది ఈ ఉత్తరంతో పంపుతున్నాను.

సంతకం లేని ఒప్పుకోలు కాగితం కూడా ఒకటి పెట్టాను. ఇవ్వడం, మానడం ఈసారి మీ ఇష్టం. మీ సంతకాల గీతల కింద ఇంకో గీత కనిపిస్తుంది. అది చట్టం పెట్టింది కాదు. బుజ్జిది స్కేలు తెచ్చి తనకోసం గీసుకుంది.

తిట్టడానికైనా ఒకసారి రా.

నీ ఆడపడుచు