మీటరుకి రెండు తప్పులు

జూన్ 4

పిన్ని నాకు మగ్గం ఎందుకు నేర్పలేదు?

ముప్పై ఐదేళ్లుగా మోస్తున్న ప్రశ్న. తొమ్మిదేళ్లప్పుడు ఆవిడ ఇంట్లో లేని సమయం చూసి మగ్గమెక్కి బెత్తెడు నేశాను. పిన్ని వచ్చి, కళ్లు మూసుకుని, చేతి వెనక భాగంతో గుడ్డ తడిమింది. తిట్టలేదు. నేను చూస్తుండగానే ఒక్కొక్క పోగూ ఊడదీసింది. పో, చదువుకో, అంది. చదువుకున్నాను, ఎం.ఏ. దాకా.

ఇవాళైనా అడుగుదామని ఫోన్ చేశాను. ఏమే, మీవాళ్లు శాంపిల్ చూశారా, అంది. అడగలేకపోయాను.

మా కంపెనీకి ఇచ్చిన మూడు మీటర్ల శాంపిల్. పాసైతే ఏడాది పని. లేకపోతే మగ్గం విప్పేస్తుంది. మగ్గమున్న ఆ గది అద్దెకి అడుగుతున్న టైలర్ అప్పుడే కొలతలు కూడా తీసుకుని వెళ్లాడు.

జూన్ 6, ఉదయం 11:20

ఫెయిల్.

జూన్ 6, సాయంత్రం

కోపం ఇంకా దిగలేదు. రాస్తే తగ్గుతుందేమో.

నా ఉద్యోగం సస్టెయినబుల్ ఫ్యాషన్ కంపెనీలో మాటలు రాయడం. వెబ్‌సైట్, కేటలాగ్, బట్టకి వేలాడే ట్యాగ్. మా డిజైన్ హెడ్ నాకన్నా పదిహేనేళ్లు చిన్న. మణికట్టు మీద ఆకు పచ్చబొట్టు ఉందని చాటుగా అందరం ఆకు అంటాం. ఆకు పిన్ని గుడ్డని లైటు కింద పరిచి, చాలా నీట్‌గా ఉంది, అదే ప్రాబ్లం, అంది. ఎక్కడా తప్పే లేదు, చేత్తో నేసిందంటే కస్టమర్ ఎలా నమ్ముతాడు అని అడిగింది. మా పిన్ని నేస్తుంటే కళ్లారా చూశానన్నాను. మీ ఆంటీ అని తెలుసండీ, అందుకే ఇంకో ఛాన్స్ ఇస్తున్నాం, అంది.

అందుకే అట!

తర్వాత మెయిల్. మీటరుకి కనీసం రెండు లోపాలు కనిపించాలి. ఒకే ఎడంలో ఉండకూడదు. సహజంగా ఉండాలి.

నలభై ఏళ్ల పనితనం మీద ఉమ్మేసి, అదీ సహజంగా తుడుచుకోమని.

మెయిల్ కింద నా వాక్యమే అతికించారు. ‘ఈ గుడ్డలోని ప్రతి లోపం ఒక మనిషి చేతి సంతకం.’ మూడేళ్ల కిందట ట్యాగ్ కోసం రాశాను. ఒక పోగు వదులైందని బట్ట వాపసు పంపే వాళ్ల నోరు మూయించడానికి రాశాను. మీటింగ్‌లో చప్పట్లు కొట్టారు, నేను సిగ్గుపడ్డాను కూడా. సర్దిచెప్పడానికి రాసిన మాట ఇప్పుడు రూలై కూర్చుంది.

ఆకుని తిట్టుకుంటున్నాను గానీ, రాసిన చెయ్యి ఎవరిది?

జూన్ 9

పిన్నికి చెప్పాను. తప్పు చేస్తే గుడ్డ వద్దన్నవాళ్లని చూశా గానీ చెయ్యకపోతే వద్దనేవాళ్లని ఇప్పుడే చూస్తున్నానే, అంది. ఆ తప్పేదో మీ ఆకునే వచ్చి చేసి పొమ్మను, అని ఫోన్ పెట్టేసింది.

జూన్ 12

పిన్నే ఫోన్ చేసింది. కొత్త శాంపిల్ రెండు మీటర్లు అయిందట. తప్పు మాత్రం పడలేదట. కావాలని ఒక పోగు వదిలేసి ముందుకి వెళ్తే, చెయ్యి దానంతటదే వెనక్కొచ్చి సర్దేస్తోందట. నా వల్ల కావట్లేదే, ఆదివారం నువ్వు రా, అంది.

నేనెందుకు, అన్నాను.

నీకైతే తేలిగ్గా వస్తుంది, అంది.

జూన్ 15, ఆదివారం

ఎక్కు, అంది. అంతే. ముప్పై ఐదేళ్ల తర్వాత ఒక్క మాట.

ఎక్కాను. కాళ్లు చెప్పినట్టు వినలేదు. పోగుతో విసిరిన నాడె అటు చేరకుండా నేల మీద పడి బల్ల కిందికి దూరింది. పిన్ని స్టూలు మీద కూర్చుని కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది. ఆహా, ఎం.ఏ. చెయ్యంటే ఇదీ, మీటరుకి రెండేం ఖర్మ, ఇరవై ఇద్దాం మీ ఆకుకి, అంది.

నేనూ నవ్వాను. నవ్వుతూనే ఒళ్లు మండింది. నలభై నాలుగేళ్లకి మగ్గం నా చేతికొచ్చింది, చెడగొట్టడానికి.

ఆ మంటలోనే అడిగేశాను, అప్పుడెందుకు నేర్పలేదని.

పిన్ని నవ్వు ఆపింది. నీ చెయ్యి దీనికి పనికిరాదనుకున్నా, అంది. స్టూలు ముందుకి జరుపుకుని, పనికొస్తుందేమోనని భయపడ్డా కూడా, అంది. ఏది ముందో అడక్కు, గుర్తులేదు, నాడె తియ్యి.

సాయంత్రానికి మూరెడు. రేపు సెలవు పెడతాను.

జూన్ 19

శాంపిల్ ఇచ్చాను. రెండు మీటర్లు పిన్నివి, చివరి మీటరు నాది. ఎవరిది ఏదో చెప్పలేదు.

ఆకు నా మీటరు మీద చెయ్యేసి కళ్లు మూసుకుంది. పిన్నిలాగే! దీంట్లో సోల్ ఉందండీ, అంది. పిన్ని రెండు మీటర్లనీ వేలితో పక్కకి తోసి, ఇది డెడ్‌గా ఉంది, మొత్తం ఆర్డర్ చివరి మీటరులా కావాలి, అంది.

అది నేసింది నేను, నాకు నేయడం రాదు, అని అరవాలి. థాంక్యూ అన్నాను.

థాంక్యూ!

జూన్ 20

శాంపిల్ వెనక్కి తీసుకెళ్లి అంతా చెప్పాను. పిన్ని ఈసారి నవ్వలేదు. కత్తెర తీసుకుని సరిగ్గా నేను మొదలుపెట్టిన చోట కత్తిరించింది. తన రెండు మీటర్లూ మడిచి పెట్టెలో పెట్టుకుంది. నాది నా ఒళ్లో పడేసింది.

తర్వాత కోపమేమీ లేకుండానే చెప్పింది. ఒప్పుకుందామంటే సరే, నేను నేస్తా, సెలవు రోజుల్లో నువ్వొచ్చి చెడగొట్టు. వద్దంటావా, టైలర్‌కి తాళమిస్తా. చదువుకున్నదానివి, నువ్వే తేల్చు.

జూన్ 22

రేపు ఆఫీసుకి జవాబు చెప్పాలి.

నా మీటరుని కళ్లు మూసుకుని చేతి వెనక భాగంతో తడిమాను. పదకొండు తప్పులు తగిలాయి. ఊడదీయాలో, ట్యాగ్ తగిలించాలో నాకు తెలియడం లేదు.