స్టెప్నీ లేని కారు

పాత్రపూర్,
16 నవంబరు 2025.

చిరంజీవి గౌరీశంకర్‌ను అక్క శ్రీజ ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అమ్మ, నాన్న, నేను ఉన్నాం. క్షేమమని కూడా రాయాలి కనుక రాస్తున్నాను. నీ నంబరు బ్లాక్ చేసి ఆరు నెలలైంది. అందుకే కాబోలు, విశాఖపట్నం నుంచి ఉత్తరం రాశావు. నాన్నకి నచ్చజెప్పి నిన్ను ఇంటికి పిలిపించమన్నావు. ఆ మాట అడగడానికి నీకు నోరెలా వచ్చిందిరా?

మరిచిపోయినట్టున్నావు, గుర్తు చేస్తాను. నాన్న రిటైరయ్యాక మోజుపడి కొన్న చిన్న కారది. ఠాకురాణి అమ్మవారి యాత్రకి బరంపురం వీధుల్లో తిప్పాలని, వెనక రెండువైపులా మెరిసే గొట్టాలుండాలని నీకు బుద్ధి పుట్టింది. మెకానిక్ లక్ష్ముడు ముందే చెప్పాడు, "నాలుగు సిలిండర్ల బండికి ఒక సైలెన్సర్ సాలు బాబూ, రెండోది ఒట్టి సోకు. అది పట్టాలంటే డిక్కీ కింద స్టెప్నీ పెట్టే గుంట కోసెయ్యాలి" అని. కోసెయ్యమన్నావు. తీసేసిన టైరు తెచ్చి పెరట్లో పడేస్తే అమ్మ దానిమీద వడియాల పళ్లెం పెట్టుకుంది. కారు వేగమేమీ పెరగలేదు, చప్పుడు పెరిగింది. నువ్వు సెంటర్లో మలుపు తిరుగుతుండగానే అమ్మ కంచంలో అన్నం పెట్టేసేది. అదీ దానివల్ల మాకు కలిగిన లాభం.

యాత్ర అయిన కొద్ది రోజులకే బరంపురంలో నా పరీక్ష. మన వైపు తెలుగు టీచరు పోస్టులు పడిందే ఏడేళ్లకి. మళ్లీ పడేసరికి నా వయసు దాటిపోతుందని నీకూ తెలుసు. బస్సులో పోతానంటే, "బస్సేటక్కా, మన బండుండగా! దర్జాగా దింపుతాను" అన్నావు. బరంపురం ఇంకా పన్నెండు కిలోమీటర్లుందనగా వెనక టైరు పగిలింది. డిక్కీ తెరిచి నువ్వలా నిలబడిపోవడం నాకింకా కళ్లకి కట్టినట్టుంది. టైరుండాల్సిన చోట నీ సైలెన్సరుంది.

చివరికి చేపలమ్మేసి ఖాళీ బుట్టలతో పోతున్న పైడన్న ఆటో ఆపి నన్నెక్కించావు. గేటు మూసేశారని సాయంత్రం ఇంటికొచ్చి నేను చెప్పాను. మర్నాడు నాన్న నీ బట్టల సంచి గుమ్మం బయట పెట్టారు. తరవాత కారూ అమ్మేశారు. కొన్నవాడు ఆ రెండో గొట్టం మన వాకిట్లోనే పీకించుకుని మరీ తీసుకెళ్లాడు.

"వాడి సోకుకి నా కూతురి బతుకు బలైపోయింది" అని నాన్న వచ్చినవాళ్లందరికీ చెబుతారు. ట్యూషన్ పిల్లల తల్లులు నన్ను చూసి అయ్యో పాపమంటారు. అమ్మ మాత్రం కంచం ముందు కూర్చుని, "ఆడేటి తింటన్నాడో" అని కళ్లు తుడుచుకుంటుంది. అప్పుడు కూడా నాకు నీమీద జాలి కలగదు. నువ్వు రావద్దు. నేను నాన్నతో చెప్పను.

ఇట్లు,
మీ అక్క అనిపించుకోవడం ఇష్టం లేని
శ్రీజ

తా.క. ఇది వేరే కాగితం మీద రాస్తున్నాను. ఉత్తరం కవరులో పెట్టి రెండు రోజులైంది. పోస్టాఫీసు దాకా వెళ్లి తిరిగొచ్చేశాను.

గౌరీ, నేను వెళ్లేసరికి గేటు తెరిచే ఉంది. పైడన్న సందుల్లోంచి ఆటో పరిగెత్తించి పావుగంట ముందే దింపాడు. "ఎల్లమ్మా, ఎల్లి రాసెయ్, టీచరమ్మవైపోతావు" అన్నాడు. నేను రోడ్డుకి ఇవతల టీ బడ్డీ పక్కన నిలబడిపోయాను. హాల్ టికెట్ చేతిలోనే ఉంది. అంతకుముందు వేరే ఉద్యోగాల పరీక్షలు రెండు తప్పినదాన్ని. ఇదీ తప్పితే నాన్న మొహం ఎలా చూడాలో తెలియలేదు. లోపలికి వెళ్లకపోవడానికి నాకొక కారణం దొరికింది. టైరు పగిలినందుకు లోలోపల సంతోషించాను కూడా. వాళ్లు గేటు వేసేదాకా చూసి, ఏడుపు మొహంతో ఇంటికొచ్చాను. నీ సంచి గుమ్మం బయట పెడుతుంటే నేను తలుపు పక్కనే ఉన్నాను.

నాన్నకి నోటితో చెప్పే ధైర్యం ఈ ఆరు నెలల్లో ఒక్కరోజూ రాలేదు, ఇక రాదు కూడా. మొదటి కాగితం చింపెయ్. ఇది తెచ్చి ఆయన చేతికివ్వు. నేను ఇంట్లోనే ఉంటాను.