పరిగె కంకుల విషయమై

మార్చి 21
సంబంధిత అధికారులకు, వారు ఏ శాఖ వారైనా, ఏ లోకంలో ఉన్నా, సవినయంగా తెలియజేయునది: పరిగె అనే మాట ఈ ఇంట్లో నేటి నుంచి తిరిగి అమల్లోకి వచ్చింది. ఇక ఇంటికి తీసుకుపొమ్మని నెల్లూరు ఆస్పత్రి వారు చెప్పాక, వదిన నోరు తెరిచి అడిగిన వస్తువు ఇదొక్కటే. గుమ్మానికి పరిగె కంకుల కుచ్చు కట్టాలట. నిరుటి కుచ్చు ఇంకా వేలాడుతోంది... గింజ లేదు, ఉత్త గడ్డి. పిచ్చుకలు వచ్చి, తనిఖీ చేసి, పోతున్నాయి.

మార్చి 22
నిర్వచనం. పరిగె: కోత ముగిశాక చేలో రాలి మిగిలిన కంకి. రైతు ఇచ్చినది కాదు. ఏరినవారు దొంగిలించినదీ కాదు. ప్రయోగం: పరిగె ఏరుట. అన్న పోయిన తర్వాత వదిన విడవలూరు చేలల్లో కోతకు పోయి, సాయంత్రం ఒడి నిండా పరిగె ఏరుకొచ్చి, దంచి వండేది. నా ఎమ్మే ఆ అన్నం మీద నడిచింది. విశ్వవిద్యాలయం వారి రికార్డుల్లో ఈ సంగతి నమోదు కాలేదు.

మార్చి 23
కోసిన చేలన్నీ తిరిగాను. కోత మిషను నడిచిన చోట కంకి మిగలడం లేదు. డ్రైవరును విచారించగా — పరిగంటే ఏంది సార్, స్పేరు పార్టా?

మార్చి 24
స్వల్ప అక్రమం జరిగింది. ఇంకా కోయని చేలో, రైతు అనుమతితో, గుప్పెడు కంకులు కోసి, నేల మీద పడేసి, వంగి ఏరాను. సాంకేతికంగా పరిగె. వదిన కాడల చివర్లు వేలితో తడిమింది. అన్నీ ఒకే కొడవలి గాటు. చాలా రోజులకు నవ్వింది.
"పడేసి ఏరుకుంటే పరిగైపోద్దా అబ్బయా? ఇందుకా నిన్ను ఎమ్మే చదివించినాను?"
తర్వాత మెల్లగా: "ఒకరిని అడిగి తెచ్చింది నా గుమ్మానికొద్దు."
కంకులు కోళ్లకు వేశాను.

మార్చి 25
రెండు చెంచాల గంజి. మూడోది వద్దంది.

మార్చి 26
ఒక మూల కోయకుండా వదలమని డ్రైవరును అడిగాను. సరేనన్నాడు. పది అడుగులు నడిచి, వెనక్కి వచ్చి, వద్దన్నాను. అదీ అడిగి తెచ్చుకోవడమే. అతను నన్ను ఎగాదిగా చూసి, మిషను మళ్లే చోట, గట్టు వారన, ఒకటీ అరా కంకులు చక్రాల కింద పడి ఉంటాయన్నాడు. ఇంకా ఒక్క చేనే మిగిలింది. రేపు కోస్తారు.

మార్చి 27
మధ్యాహ్నానికి చివరి చేను కోత పూర్తి. గట్టు మీద అప్పటికే బాతుల మంద, నాయుడుపేట వైపు నుంచి వచ్చింది. కోసిన చేలో రాలినదంతా వాటికేనట. రైతుతో ముందే మాట్లాడుకున్నారట. ఎండ తగ్గగానే దించుతానన్నాడు కాపరి. ఒక్క పూట ఆగమన్నాను.
"నేనాగుతాను సార్. అవి ఆగాల గదా. ఆకలి మీదుండాయి."
చేలోకి దిగబోతుండగా ఇంటి నుంచి కబురు. పరుగెత్తుకొచ్చాను. వదినకు ఆయాసం. మాట లేదు. కళ్లు మాత్రం గుమ్మం వైపే. నా ఎడమ చెయ్యి పట్టుకుంది, వదలడం లేదు. కుడిచేత్తో ఇది రాస్తున్నాను. బయట ఎండ తగ్గుతోంది...
కావున ఈ కింది డిమాండ్లు లాంఛనంగా దాఖలు చేయడమైనది:
1. బాతులను ఒక్క పూట ఆపవలెను.
2. వదినను కూడా.