ఒగ్గేయడానికి ఇంగ్లీషు మాట

12 నవంబర్ 2006, ఆదివారం
పీటర్ జైలు నుంచి వచ్చేశాడు. ఇవాళ చర్చిలో చూశాను. ఆఖరి వరసలో, తల వంచుకుని. చెరకు ట్రాక్టరు తోలేవాడు... తాగి తోలాడు. సబ్బవరం రోడ్డులో మా స్నేహ మీదికి ఎక్కించేశాడు. తొమ్మిదేళ్ళ పిల్ల.
ఇంతకు మించి రాయలేను.

13, సోమవారం
పాస్టరు గారు నేను పాఠాలు చెప్పే స్కూలుకే వచ్చారు. వచ్చే ఆదివారం విదేశీ అతిథులట. దేవుడు తనని ఎలా మార్చాడో పీటర్ అందరి ముందూ సాక్ష్యం చెబుతాడట. పక్కన నిలబడి ఇంగ్లీషులోకి నేను మార్చాలట!
"మన సంగంలో ఇంగ్లీసు వచ్చినోళ్ళు ఇంకెవరున్నారమ్మా? నువ్వు ఆడి పక్కన నిలబడ్డమే పెద్ద సాక్ష్యం."
కిటికీలోంచి ఎనిమిదో తరగతి పిల్లలు చూస్తున్నారు. కాదనలేకపోయాను. సరేననీ అనలేదు. సరేనన్నాననుకునే వెళ్ళారు.

14
మా ఆయనతో చెప్పాను. పాప పోయాక ఆయన చర్చి గడప తొక్కలేదు.
"ఆడి మాటలకి నువ్వు ఇంగ్లీసు కడతావేటి?"
కంచం ముందు నుంచి లేచిపోయారు.

16
పీటర్ ఏం చెబుతాడో పాస్టరు గారు ముందే వినిపించారు. చివరి మాట — స్నేహ వాళ్ళమ్మ నన్ను ఒగ్గేసింది. అంటే, మనసులో ఏమీ పెట్టుకోకుండా వదిలేసిందని.
ఎప్పుడు ఒగ్గేశాను? నన్నెవరూ అడగలేదే.
అయినా మాట వెతుకుతున్నాను, టీచరు బుద్ధి. 'మూవ్డ్ ఆన్' — ముందుకు సాగిపోయింది. ఎక్కడికి? ఇప్పటికీ స్నేహ కోసం కూరలో కారం తగ్గించేసి, వడ్డించేటప్పుడు నాలుక్కరుచుకుంటాను. 'గాట్ ఓవర్ ఇట్' — జ్వరం తగ్గి లేచినట్టు. 'పుట్ ఇట్ బిహైండ్ హర్' — వెనక్కి పెట్టేసింది. అది వెనకే ఉంటుందా, నా వెంటే రాదూ? 'లెట్ గో' — పట్టు వదలడం. ఒగ్గేయడానికి ఇదే దగ్గర. ఇదే నోట రావడం లేదు. ఆసుపత్రిలో దాని చెయ్యి నా చేతిలోంచి నర్సులు విడిపించారు. నేను వదల్లేదు.

17
తలనొప్పి. బడికి వెళ్ళలేదు.

18, శనివారం
'లెట్ గో' అనే అంటాను. చిన్న మాట. అనేసి దిగిపోతాను.

19, ఆదివారం
పీటర్ నా పక్కనే నిలబడ్డాడు.
"తాగీసి తోలేను. పాపని సూడ్నేదు."
ఇంగ్లీషులో చెప్పాను. తడబడకుండా... ఎవరి పిల్ల గురించో చెప్పినట్టు. ఆఖర్న నా వైపు తిరిగాడు.
"అక్క నన్ను ఒగ్గేసింది."
అనుకున్న మాట నోటిదాకా వచ్చింది. 'షి హాజ్ నాట్ లెట్ గో' అన్నాను. ఒగ్గేయలేదు అని.
మనవాళ్ళంతా స్తోత్రం అన్నారు. అతిథులు అనలేదు. వాళ్ళలో ఓ తెల్లజుట్టు దొరసాని లేచి వచ్చి, పీటర్ చేతులు రెండూ పట్టుకుని ఏడ్చింది. పాస్టరు గారికి ఆ మాత్రం ఇంగ్లీషు అర్థమైంది. నా మొహం చూడకుండానే తర్వాతి పాట అందుకున్నారు.

20
పాస్టరు గారి దగ్గర నుంచి కబురు లేదు. మా ఆయన కూడా ఏమీ అడగలేదు.

21, మంగళవారం
సాయంత్రం పీటర్ వచ్చాడు. గేటు బయటే నిలబడిపోయాడు.
"అక్కా, ఇంగిలీసులో ఏటి సెప్పేవు? ఆ దొరసాని నన్నట్టుకుని ఎందుకేడిసింది? ఎవుల్నడిగినా సెప్పట్నేదు."
ఇంతలో మా ఆయన వరండాలోకి వచ్చారు. కోర్టు తర్వాత పీటర్‌ని చూడడం ఇదే. మీద పడతారనుకున్నాను. గేటు గడియ తీశారు.
"నువ్వేటి సెప్పేవో నాకూ తెలీదు," అన్నారు నాతో. "సెప్పు. తెలుగులో సెప్పు. ఇద్దరం వింటాం."
మంచినీళ్ళు తెస్తానని లోపలికి వచ్చేశాను. వచ్చి ఇది రాస్తున్నాను. వాళ్ళింకా నిలబడే ఉన్నారు, ఎడంగా.
ఒగ్గేయలేదని చెప్పగలను. ఎప్పటికైనా ఒగ్గేస్తావా అక్కా అని అడిగితే...
పిలుస్తున్నారు.