సోమవారం కట్టని బండి

ఆదోని,
గురువారం.

చెల్లెలు హులిగమ్మకు నీ చిన్నన్న దేవేంద్రప్ప ఆశీస్సులు.

సోమవారం తెల్లవారుజామున బండి కట్టి నన్ను ఎమ్మిగనూరు చేరుస్తానని పెద్దన్న మాటిచ్చి తప్పి అరవై మూడేళ్లయింది. అది తప్పిస్తే ఇక్కడ అందరం క్షేమం. మా అబ్బాయి లోకేష్ ఆటో బాగానే తిరుగుతోంది. కోడలు గౌరికి దగ్గు తగ్గింది. నా ఎడమ కంట్లో పొర ముదిరిందట. ఆపరేషన్ చేస్తానన్న డాక్టరుతో, చేతిలో ఉన్న పుస్తకం ముగించి వస్తానన్నాను. ఇంకా నాలుగు వందల పేజీలున్నాయి. ఆయన నన్ను వదిలేసి లోకేష్‌తో మాట్లాడటం మొదలుపెట్టాడు.

నీ ఉత్తరం అందింది. ఫోన్లో చెప్పక ఈ రాతలేమిటని నీ మనవరాలు నవ్విందట. ఫోన్లో నీకు మూడోవంతు వినపడుతుంది, మిగతాది నువ్వే కల్పించుకుంటావు. అందుకే కాగితం.

అడిగినవాటికి జవాబులు. మొదటిది, పిక్నిక్ ఏ పార్కులో అని. మీ ఎమ్మిగనూరు పార్కే ఖాయం చేయి. మా ఆదోని పార్కులో రిటైరైన పెద్దమనుషుల గుంపు ఒకటి తిష్ట వేసింది. నేను లైబ్రరీలో పనిచేసిన ముప్పై ఏళ్లూ నా కళ్లముందు పేపర్లు తిరగేసి, ఒక్కడూ ఒక్క పుస్తకం ఇంటికి తీసుకుపోలేదు. ఇప్పుడు నాకే చరిత్ర పాఠాలు చెబుతారు. వాళ్ల ముందు మన గిన్నెలు విప్పడం నాకిష్టం లేదు.

రెండోది తిండి. సులువుగా కానిద్దామని పైన రాసి, కింద ఓళిగలు, చిత్రాన్నం, గుత్తొంకాయ అని పట్టీ వేశావు. ఎవరి పెళ్లమ్మా? ఉగ్గాని చాలు. ఇంట్లో కలిపి తెస్తే ముద్దవుతుంది. బొరుగులు పొడిగానే సంచిలో తే. పార్కు కొళాయి దగ్గర తడిపి, పిండి, గౌరి తెచ్చే తాలింపులో కలుపుదాం. పప్పుల పొడి మాత్రం నువ్వే కొట్టు. మా గౌరి పొడిలో ఉప్పు ఒక మూల, కారం ఒక మూల ఉంటాయి. ఈ వాక్యం ఎవరికీ చదివి వినిపించకు. బజ్జీలు బజారులో వేడిగా కొందాం. నీకు ఒక ప్లాస్టిక్ కుర్చీ తెస్తాం. నువ్వు చాప మీద కూర్చుంటే మళ్లీ లేపడానికి ముగ్గురు కావాలి.

మూడో ప్రశ్న నువ్వు సంతకం కింద, చీమల్లాంటి అక్షరాలతో రాశావు. "పెద్దన్నను గూడ పిలుద్దునా? ఎనబై దాటినాడు. మనం ముగ్గురం ఒక్క సోట కూసోని తిని ఎన్నేండ్లాయ?"

ఆయన వస్తే నేను రానని రెండుసార్లు చెప్పినవాణ్ణే కదా.

నీకప్పుడు ఆరేళ్లు, నాకు పదకొండు. బడి పిల్లల్ని అయ్యవార్లు తుంగభద్ర డ్యాముకు తీసుకుపోతున్నారు. అక్కడి తోటలో భోజనాలు. ఏడు గంటలకు ఎమ్మిగనూరులో బస్సు. మన ఊరినుంచి పన్నెండు కిలోమీటర్లు నడవక్కరలేదు, నేను బండి కడతానని పెద్దన్న అన్నాడు. సోమవారం చీకటితోనే సద్దిమూట పట్టుకుని రోడ్డు మోరీ మీద కూర్చున్నాను. పొద్దెక్కినాక ఆయన ఒట్టి చేతులతో వచ్చి, "ఈ పొద్దు సోమారం గదప్పా. ఎద్దుల్ని కట్టగూడదు. మర్సిపోయి మాటిచ్చినా" అన్నాడు. సేద్యం చేసేవాడు సోమవారాన్ని మరచిపోతాడా? ఎద్దులకు అది విశ్రాంతి రోజని మన వైపు పాలు తాగే పిల్లకూ తెలుసు. నన్ను వదిలించుకోవడానికే ఆ రోజు చూసి మాటిచ్చాడనుకున్నాను. అక్కడితో నాకు ఆయన మాట మీద నమ్మకం పోయింది. ఆయన కూతురి పెళ్లికి పోలేదు. నా భార్య పోయినప్పుడు ఆయన వస్తే గడప దిగి పలకరించలేదు.

ఇంతవరకూ నీకు తెలుసు. పోయిన ఆదివారం సంగతి తెలియదు. లోకేష్‌కు కూడా చెప్పకుండా బస్సెక్కి నందవరం పోయి, అక్కడ ఆటో మారి ఊరికి పోయాను. నువ్వు పిలిచినా రావద్దని మొహం మీద చెప్పడానికే పోయాను.

పెద్దన్న మంచం మీద కూర్చుని శెనక్కాయలు ఒలుస్తున్నాడు. భీమక్క వదిన నన్ను చూసి, "ఏమప్పా, దావ తప్పినావా?" అంది.

"హులిగమ్మ పిలుస్తుంది. నువ్వు రావద్దు. అది చెప్పను వచ్చినా" అన్నాను.

"రాను లేప్పా. ముందు కూసో" అన్నాడు పెద్దన్న, ఒలిచిన గింజలు నా చేతిలో పోస్తూ.

ఆ సాధుత్వమే నాకు ఒళ్లు మండిస్తుంది. "సోమారమని తెలిసి ఏంటికి మాటిచ్చినావు?" అని అరిచాను. ఆయన ఇంకో కాయ చేతిలోకి తీసుకున్నాడు. వదిన చేట కింద పెట్టింది.

"ఇంగ ఎన్నాళ్లు దాస్తావయ్యా? నువ్వు సెప్పకుంటే నేను సెప్తా. ఇనప్పా దేవేంద్రా, ఆ పొద్దు మీ నాయన కృష్ణగిరికి పోయిండె. సోమారమైనా సరే, నాయన సూడకుండా నీ కోసం బండి కట్టల్లనుకున్యాడంట. దొడ్లోకి పోతే ఎద్దుల మెడకు కట్టే పలుపులు లేవు. ఎతికి ఎతికి తెల్లారిపాయ."

"వారానికి దొరికినాయి" అన్నాడు పెద్దన్న, నా వైపు చూడకుండా. "గడ్డివామిలో. పలుపులతో పాటు చిన్న మూట. అమ్మ పాత రైక గుడ్డ. దాంట్లో రెండు రొట్టెలు, చీమలు పట్టి. నువ్వు హులిగిని గూడ డ్యాముకు తీసకపోతానంటివి. ముందునాటి మాపు, ఆడపిల్లలకు బస్సులో సోటు లేదు పో అంటివి. నీకు సెప్తే దాన్ని సావగొడతావని సెప్పలేదప్పా."

నీకు అలా మాటిచ్చినట్టు నాకు గుర్తు లేదమ్మా. ఎంత చదివాను, ఎంతమంది చేసిన తప్పులు తారీఖులతో సహా గుర్తుపెట్టుకున్నాను! ఇది మాత్రం లేదు. చేతిలోని గింజలు జేబులో పోసుకున్నాను. వదిన పెట్టిన రొట్టె తిన్నాను. ఆ ఇంట్లో ఇంతకుముందు తిన్నది నా పెళ్లికి ముందెప్పుడో.

లేచేటప్పుడు, "పిక్నిక్‌కు వస్తావా?" అన్నాను.

"సోమారం పెట్టుకుంటే వస్తా" అని ఆయన పళ్లు లేని నోటితో నవ్వాడు. "ఆటోకు సోమారం లేదు గదా."

కాబట్టి వచ్చే సోమవారం. లోకేష్ మమ్మల్ని పార్కులో దింపి, ఊరికి పోయి వాళ్లిద్దర్నీ తెస్తాడు. ఆయనకు బజ్జీ మెత్తనిది ఏరి పెట్టు. ఆ గడ్డివామి సంగతి నీకు గుర్తుందో లేదో, అందరి ముందు అడగను. నువ్వు రొట్టెలు మాత్రం తేవద్దు, నేను తెస్తాను. నీకని వేరుగా రెండు, గుడ్డలో కట్టి.

కానీ అరవై మూడేళ్లు మోసిన కోపం ఒక్క ఆదివారంతో పోదు. దానికి ఒక మనిషి కావాలి. పెద్దన్న పేరు కొట్టేశాను. ఇప్పుడు నేను తప్పుపట్టే మనిషి పేరు హులిగమ్మ.

ఇట్లు,
నిన్ను డ్యాముకు తీసుకుపోని
నీ చిన్నన్న