ఊ కొట్టినందుకు

అవ్వా,

నీకు చదవడం రాదు. ఉన్నప్పుడూ రాలేదు. అయినా కడుపు మండి రాస్తున్నాను.

నిన్న కోవిల్‌పట్టిలో మా అమ్మాయి బడిలో కథల పండగ పెట్టారు. చెన్నైలో ఉంటున్న కొరియా ఆవిడొకరు వచ్చి, వాళ్ల పట్నంలో అపార్ట్‌మెంట్లో అమ్మమ్మ చెప్పిన కథను వచ్చీరాని తమిళంలో చెప్పింది. పులి వచ్చిందన్నా ఏడుపాపని బిడ్డ, తల్లి “ఇదిగో ఎండుపండు” అనగానే ఊరుకుందట. బయట పొంచి ఉన్న పులి, ఆ ఎండుపండు తనకన్నా భయంకరమైనదనుకుని పారిపోయిందట.

ఆమె ప్రతి మాటకీ ఆగి మా వైపు చూసేది. హాలంతా ఫోన్లు ఎత్తి పట్టుకుని కూర్చుంది. వీడియో తీస్తున్నాం, సద్దు చేయకూడదని బడివాళ్లు ముందే చెప్పారుగా! శవాలకు కథ చెప్తున్నట్టుంది. ఉండబట్టలేక నేను "ఊ" అన్నాను. ఆమె ముఖం విచ్చుకుంది. "మా అమ్మమ్మకీ ఇది కావాలి. లేకపోతే కథ ఆపేసేది" అంది.

పక్కనున్న చిన్నత్త నన్ను గిల్లింది. "ఏంది పిల్లా, గమ్మునుండు. మానం పోతాది."

ఎవరనుకున్నావు? "ఊ కొట్టకుంటే కత చచ్చిపోతాది మే" అని నువ్వు తట్టి లేపి ఊ కొట్టించుకున్న నీ కూతురే!

పొద్దున బడి గ్రూపులో వీడియో వచ్చింది. "గలాటా తీసేసి నీట్‌గా చేశాం" అని కింద రాశారు. అందులో ఆమె ఆగడం ఉంది, నవ్వడం ఉంది. నా ఊ లేదు. చూస్తే, ఆమె గోడను చూసి నవ్వినట్టుంది.